అప్‌డేట్: బాగ్డోగ్రా విమానంలో కిటికీ సీటు

బెంగళూరు నుంచి ఉత్తర బెంగాల్‌లోని బాగ్డోగ్రా వెళ్లేటప్పుడు హిమాలయాలు కనబడాలంటే ఏ పక్క కూర్చోవాలని నేను అడిగినప్పుడు, ఉదయం విమానంలో ఎడమ పక్క, రెక్కకు ముందున్న ‘ఏ’ సీటు తీసుకోమని ఎక్కువమంది చెప్పారు. విమానం ఈశాన్యానికి సాగుతుంది కనుక ఉత్తరాన ఉన్న కొండలు ఎడమకు వస్తాయనీ, ఉదయపు ఎండ కుడివైపు ఉండి కళ్లలో పడదనీ మీరిచ్చిన వివరణ అక్షరాలా నిజమైంది.

నవంబరు కావడంతో ఆకాశం తేటగా ఉంది. దిగడానికి కాస్త ముందు దూరాన తెల్లటి మబ్బుల వరుసను చూసి నిట్టూర్చాను గానీ, మిగతా మబ్బులు వెనక్కి జరిగిపోతున్నా అది మాత్రం కదలకపోవడంతో, దాని అంచులు కత్తితో కోసినట్టు ఉండడంతో, అది 8,586 మీటర్ల కాంచనజంగ అని అర్థమైంది. మా అమ్మ అద్దానికి ముక్కు ఆనించి, ఊపిరికి అది మసకబారినప్పుడల్లా చీర కొంగుతో తుడుస్తూ కూర్చుంది. ముందున్న ఉప్మా చల్లారినా ముట్టలేదు.

తిరుగు ప్రయాణంలో మాత్రం నా తెలివి తెల్లారింది. దిశ మారితే పక్క కూడా మారాలని, ఈసారి కుడి కిటికీ పక్కనున్న ‘ఎఫ్’ తీసుకోవలసిందని తట్టేసరికి, అలవాటుగా మళ్లీ ‘ఏ’ సీటుకే చెక్-ఇన్ చేసేశాను. పైగా అది సరిగ్గా రెక్క మీదికి వచ్చింది. బెంగళూరు దాకా దాని మీది రివెట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాను.