కేడీఈ భాగాలన్నీ ఒకే రోజు విడుదల కావాలా?

నిమ్మచెట్టు:
లినక్స్‌లో వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ కేడీఈలో 2014 దాకా డెస్క్‌టాప్, లైబ్రరీలు, అప్లికేషన్లు అన్నీ ఒకే మూటగా వచ్చేవి. తర్వాత విడిపోయాయి: ఫ్రేమ్‌వర్క్స్ (లైబ్రరీలు) నెలనెలా, ప్లాస్మా (డెస్క్‌టాప్) తన లెక్కన, అప్లికేషన్లు ఏడాదికి మూడుసార్లు. వీటన్నిటికీ పునాది అయిన క్యూట్ టూల్‌కిట్ 6వ వెర్షన్‌కి మారినప్పుడు మాత్రం 2024 ఫిబ్రవరి 28న మూడూ కలిసి వచ్చాయి. ఎంత బాగుందో! ఎప్పుడూ అలాగే చేయొచ్చు కదా?

పాతగడియారం:
వద్దనే అంటాను. ఆ ఒక్క రోజు కోసం ఏం ఆగిందో చూడండి. డిసెంబరులో రావాల్సిన అప్లికేషన్లు ఫిబ్రవరికి జరిగాయి. కేడెన్‌లైవ్‌లో వీడియోలు ఎడిట్ చేసుకునేవాళ్ళకి 23.08 (2023 ఆగస్టు) వెర్షన్ తర్వాత కొత్త ఫీచర్లు 24.02 (2024 ఫిబ్రవరి)లోనే. మధ్యలో వచ్చినవన్నీ తప్పుల సవరణలే. పునాది మారుతోంది కాబట్టి ఆ ఒక్కసారికి సరే. ప్రతిసారీ ఇలాగైతే పని అయిపోయినవాళ్ళు కూడా కానివాళ్ళ కోసం కూర్చోవాలి. లైబ్రరీలో నాలుగు లైన్ల సవరణ నెల తిరక్కుండా మనకి అందుతోందంటే, విడిపోబట్టే.

రాత్రిపని:
పాతగడియారం గారూ, మీ మాట కాదనను. కానీ సోర్స్ కోడ్ నుంచి ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీలు కట్టేవాళ్ళ అవస్థ కూడా చూడండి. మా ఆఫీసు మెషీన్లకి ఆ పని నాదే. ఒక రాత్రి ఒక అప్లికేషన్ బిల్డ్ పెట్టి పడుకోబోతే, నిమిషంలోనే, బిల్డ్‌కి కావాల్సినవి ఉన్నాయో లేదో చూసే సీమేక్ ఆగిపోయింది. అది అడిగిన ఫ్రేమ్‌వర్క్స్ వెర్షన్ మా దగ్గరున్నదానికన్నా ఒక్క అంకె ఎక్కువ. పోనీ ఆ లైబ్రరీ ఒక్కటే పెంచుదామంటే, అది తన కింద ఉన్నవాటినీ అదే వెర్షన్‌లో అడిగింది. అన్నీ కట్టేసరికి తెల్లారింది.

నాకు ఒకే విడుదల తేదీ అక్కర్లేదు. "ఇక లైబ్రరీల కొత్త వెర్షన్ అడగం" అని అందరూ కట్టుబడే రోజు ఒకటి కావాలి. అప్లికేషన్ల షెడ్యూల్‌లో అలాంటి రోజు, డిపెండెన్సీ ఫ్రీజ్ అనే పేరుతో, ఎలాగూ ఉంది. ప్లాస్మా కూడా అదే రోజుకి ఒప్పుకుంటే చాలు.

వెన్నెల:
నేను తెలుగు అనువాదం చేస్తాను. ఇంగ్లీషు వాక్యంలో ఒక్క మాట మారినా మా పీవో ఫైల్లో (అనువాదాలుండే ఫైలు) అది ఫజ్జీ, అంటే మళ్ళీ చూడాల్సినది, అయిపోతుంది. మళ్ళీ సరిచూసేదాకా తెర మీద ఇంగ్లీషే కనిపిస్తుంది. ఉన్నదే కొద్దిమందిమి, అదీ ఆదివారాల్లోనే కూర్చోగలం. అన్నిటి స్ట్రింగ్ ఫ్రీజ్ (తెర మీది ఇంగ్లీషు వాక్యాలు ఇక మార్చకూడదనే తేదీ) ఒకే వారంలో పెడితే సగం మెనూలు ఇంగ్లీషులోనే వెళ్ళిపోతాయి. తలచుకుంటేనే టెన్షన్. తేదీలు ఎడంగా ఉంటేనే మాకు ఊపిరి ఆడుతుంది.

రాత్రిపని:
ఇది నాకు తట్టనే లేదండీ. అయితే డిపెండెన్సీ తేదీ ఒకటే ఉంచి, స్ట్రింగ్ తేదీలు వేరుచేద్దాం. మధ్యలో ఎంత వ్యవధి కావాలి?

వెన్నెల:
ప్లాస్మాకీ అప్లికేషన్లకీ మధ్య నాలుగు ఆదివారాలు.