సంతాప దినాల్లో కబడ్డీ పోటీలు పెట్టొచ్చా?

అందరికీ నమస్తే. రేపు, ఎల్లుండి మా ఊరి సర్కారు హైస్కూల్ గ్రౌండ్‌లో కబడ్డీ పోటీలు పెట్టుకున్నాం. నిన్న (2024 డిసెంబర్ 26) రాత్రి మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ గారు పోయారు. జనవరి 1 దాకా జాతీయ సంతాపం, అంత్యక్రియలు రేపే. తెలంగాణలో ఇవాళ సెలవిచ్చారు కాబట్టి బడిలో అడుగుదామంటే ఎవరూ లేరు.

పెద్దవాళ్లు వాయిదా వేయమంటున్నారు. కుర్రాళ్లేమో, మెల్‌బోర్న్‌లో మనవాళ్లు నల్ల బ్యాండ్లు కట్టుకుని టెస్టు ఆడుతున్నారు కదా అంటున్నారు. నిజమే, 2022లో లతా మంగేష్కర్ పోయిన రోజే అహ్మదాబాద్‌లో వన్డే కూడా ఆడారు. కానీ ఎలిజబెత్ రాణి చనిపోయిన మర్నాడు లండన్‌లోని ఓవల్ గ్రౌండ్‌లో టెస్టు ఆట ఆపేశారు, ఆ తర్వాతి రోజు మళ్లీ మొదలుపెట్టారు. నాకు అదే పద్ధతిగా అనిపిస్తోంది: రేపు ఆపి, ఆదివారం డీజే, సన్మానాలు లేకుండా ఆడించడం.

సంతాపమంటే జెండా అవనతం, అధికారిక వినోదాలు బంద్ అని తెలుసు. మరి సర్కారు బడి గ్రౌండ్‌లో ప్రైవేటు పోటీ అందులోకి వస్తుందా? పోలీసులకు చెప్పాలా, హెడ్‌మాస్టర్ మాట చాలా? టెంటుకు అడ్వాన్స్ ఇచ్చేశాం. 'క్రీడా సంబరాలు' అని ఎర్రక్షరాల ఫ్లెక్సీ గేటుకు వేలాడుతోంది, అదైతే ఇప్పుడే తీయిస్తున్నా. ఇలాంటప్పుడు పోటీలు నడిపినవాళ్లుంటే కాస్త చెప్పండి, రాత్రిలోపు టీములకు ఫోన్ చేయాలి.