1942 ఏప్రిల్ 6: బటావియా, బన్యువాంగి ఓడలు విమాన దాడిలోనే మునిగాయా?

ప్రశ్న:
విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డ రోజే బంగాళాఖాతంలో ఈ రెండు చిన్న డచ్చి సరుకు ఓడలూ మునిగాయి. వీటినీ ఆ విమానాలే ముంచాయా? ఒక్కొక్కటి సుమారు 1,280 టన్నులు అంటున్నారు. అది మోసే సరుకు బరువేనా? ఇలాంటి ఓడల్లో చనిపోయిన మనవాళ్ల పేర్లు ఎక్కడ చూడాలి?

జవాబు 1:
విమానాలు కావు, యుద్ధనౌకలు. ఆ రోజు జపాన్ అడ్మిరల్ ఓజావా నౌకాదళం మూడు పాయలుగా చీలింది. మధ్య పాయలోని విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు మన రేవుల మీదికొచ్చాయి. అదే పాయలోని క్రూయిజర్ యురా, డిస్ట్రాయర్ యూగిరి ఈ రెంటినీ, బ్రిటిష్ ఓడ తక్సాంగ్‌నూ ముంచాయి. పాయ ఒకటే కాబట్టే రెండు కథలూ కలిసిపోతుంటాయి.

తప్పించుకునే దారి లేదు. యురా వేగం 36 నాట్లు (గంటకు సుమారు 67 కిలోమీటర్లు), దానికి ఏడు 14 సెంటీమీటర్ల ఫిరంగులు, ఒక్కో గుండు 38 కిలోలు. అంతకుముందు రోజే కొలంబో మీద దాడి జరిగింది. అయినా సరుకు ఓడలు కాపలా లేకుండా విడివిడిగా తిరుగుతున్నాయి. అసలు తప్పు అక్కడుంది.

జవాబు 2:
1,280 అనేది బరువు కాదండీ, గ్రాస్ టన్నేజీ. ఓడలోని మూసి ఉన్న చోటు కొలత. 100 ఘనపుటడుగులు ఒక టన్ను. సరుకు ఓడ మోసే బరువు మామూలుగా ఈ అంకె కన్నా ఎక్కువే ఉంటుంది.

వెతికేటప్పుడు స్పెల్లింగుతో జాగ్రత్త. పాత డచ్చి రాతలో o, e అక్షరాలు పక్కపక్కన ఉంటే 'ఉ', j ఉంటే 'య'. అందుకే ఓడ పేరు Banjoewangi అని ఉంటుంది. బన్యువాంగి జావా తూర్పు కొసన ఉన్న ఊరు. ఇప్పటి స్పెల్లింగు కొడితే ఊరే వస్తుంది, ఓడ రాదు. 1930-45 నాటి లాయిడ్స్ రిజిస్టర్లు (ఓడల వివరాల జాబితాలు) స్కాన్లుగా ఉన్నాయి, పాత స్పెల్లింగుతో చూడండి.

టైము దగ్గరా పొరపాటు పడతారు. జపాన్ నౌకల లాగ్‌లు టోక్యో టైములో ఉంటాయి. 9:30 అని ఉంటే మన ఇప్పటి లెక్కలో పొద్దున్న 6.

జవాబు 3:
పేర్ల సంగతి. యుద్ధంలో పోయిన సరుకు ఓడల నావికుల కోసం లండన్‌లో కట్టిన టవర్ హిల్ స్మారకంలో వెతికి, లేవని ఊరుకుంటారు చాలామంది. బ్రిటిష్ ఓడల్లో పనిచేసి సముద్రంలో పోయిన భారతీయ నావికులు, అంటే లాస్కర్లు, బొంబాయి-చిట్టగాంగ్ 1939-1945 స్మారకం కింద ఉంటారు. పేర్లు రాతి మీద కాదు, పుస్తకంలో ఉంటాయి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ముందు ఓడ పేరు, తేదీ పెట్టి చూడండి. మనిషి పేరు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసి ఉంటుంది. డచ్చి ఓడలకైతే హేగ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌కి రాయాలి.