హియరింగుల మధ్య ఆయిల్ పెయింటింగ్: సగంలో ఆగిన బొమ్మను మళ్లీ అందుకోవడం ఎలా?

ప్రశ్న:
సింగపూర్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తుల ముందు వాదించే కేసుల) లాయరుగా ప్రాక్టీసు. లండన్‌కో హేగ్‌కో వెళ్తే మూడు వారాలు స్టూడియో మూతే. తిరిగొచ్చేసరికి కాన్వాసు మీద ముదురు రంగులు పాలిపోయి ఉంటున్నాయి. లిక్విన్ (రంగు త్వరగా ఆరడానికి కలిపే ఆల్కిడ్ రెసిన్ మీడియం) వాడిన చోట కొత్త రంగు అంటక చుక్కలుగా విడిపోతోంది. రెండేళ్లలో సోలో షో పెట్టాలని గట్టిగా ఉంది. ఆయిల్ మానేయాలా? బొమ్మలు అమ్మితే వృత్తికి ఇబ్బందా? ఇండియాలో బార్ ఎన్‌రోల్‌మెంట్ కూడా ఉంది.

లిన్సీడ్:
ఆయిల్ మానకండి. రంగులు పాలిపోవడానికి కారణం కింది పొర నూనెను పీల్చేయడం. అంబర్లలో (మట్టి గోధుమ రంగుల్లో) ఇది బాగా తెలుస్తుంది. పొర చేతికి అంటనంతగా ఆరాక లిన్సీడ్ (అవిసె) నూనె, వాసనలేని మినరల్ స్పిరిట్ సమంగా కలిపి, ఆ రోజు పని చేయబోయే భాగం మీద మాత్రమే నూలు గుడ్డతో పల్చగా రుద్దండి. వెంటనే పొడి గుడ్డతో తుడిచేయాలి. నూనె నిలిచిపోతే తర్వాత పసుపెక్కుతుంది. తుడిచాక అసలు రంగు తేలుతుంది, దాని మీదే పని మొదలుపెట్టాలి.

చుక్కలుగా విడిపోయేది లిక్విన్‌లోని ఆల్కిడ్ వల్ల పొర నున్నగా గట్టిపడటంతో. చాలాసార్లు ఇదే చిట్కా సరిపోతుంది. లేకపోతే సన్నని వాటర్‌పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితంతో) తడిగా, తేలిగ్గా గీకండి. కాడ్మియం, లెడ్ రంగులను పొడిగా రుద్దవద్దు, ఆ దుమ్ము విషం.

ఇంకోటి, దయచేసి తేలిగ్గా తీసుకోకండి: నూనె గుడ్డలు ఉండచుట్టి బుట్టలో పడేసి ఎయిర్‌పోర్టుకు బయల్దేరవద్దు. నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం. అప్పుడు పుట్టే వేడి ఉండలో బయటికి పోలేక గుడ్డకు దానంతటదే నిప్పంటుకోవచ్చు. విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లు పోసిన మూత ఇనుప డబ్బాలో వేయండి.

వెళ్లేముందు ప్రతి మిశ్రమానికీ ఏ ట్యూబు ఎన్ని పాళ్లో ఒక కార్డు మీద రాసి, పక్కనే రంగు పూసి పెట్టండి. మూడు వారాల్లో మర్చిపోయేది ఇదే.

నల్లకోటు:
అమ్మకం సంగతి. మొదటి బొమ్మ అమ్మకముందే మూడు కాగితాలు చూడాలి. ఒకటి, మీ ఫర్మ్ కాంట్రాక్టులో బయటి పనుల క్లాజు. అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, మేధోసంపత్తి క్లాజు మీ బొమ్మలకు వర్తించదని అందులోనే రాయించండి. రెండు, సింగపూర్ వర్క్ పాస్. ఎంప్లాయ్‌మెంట్ పాస్ ఒక యజమానికి కట్టుబడి ఉంటుంది, పక్క ఆదాయం తేలిగ్గా తీసుకునే విషయం కాదు. మూడు, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 47వ నియమం: అడ్వకేటు స్వయంగా వ్యాపారం చేయకూడదు. గీసిన బొమ్మను గ్యాలరీ ద్వారా అమ్మడం వేరు, గ్యాలరీ మీరే నడపడం వేరు. రెండోదాని జోలికి పోవద్దనే నా సలహా.

కొనేవారి పేరు ముందే చెప్పాలని గ్యాలరీ ఒప్పందంలో పెట్టండి. క్లయింటో, మీ కేసులో ఆర్బిట్రేటరో కొంటే అది కాన్‌ఫ్లిక్ట్ చెక్‌లోకి (కేసులో ఎవరితోనైనా స్వప్రయోజన సంబంధం ఉందేమో చూసే పరిశీలనలోకి) రావాల్సిన సంబంధం.

హియరింగ్ గదిలో స్కెచ్ వద్దు, ఆర్బిట్రేషన్ గోప్యం. ఇంగ్లండ్ కోర్టుల్లోనైతే 1925 క్రిమినల్ జస్టిస్ యాక్ట్ సెక్షన్ 41 కింద జడ్జి, సాక్షి బొమ్మ గీయడమే నేరం. అక్కడి కోర్టు చిత్రకారులు చూసి వచ్చి, బయట జ్ఞాపకం మీద గీస్తారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలండీ. మరి హియరింగ్ వారాల్లో ఏం చేయాలి?

లిన్సీడ్:
హోటల్ గదిలో ఆయిల్ కుదరదు. టర్పెంటైన్ మండే ద్రవం, చెకిన్ సామానులోనూ ఒప్పుకోరు. 12 హాఫ్‌పాన్ల (చిన్న రంగు బిళ్లల) వాటర్‌కలర్ పెట్టె, 300 జీఎస్ఎం మందపాటి కాటన్ కాగితం చాలు. రాత్రి ఆ రోజు హియరింగ్ ట్రాన్‌స్క్రిప్ట్ చూశాక 20 నిమిషాలు, అగ్గిపెట్టెంత బొమ్మల్లో వెలుగు, మధ్యస్థం, నీడ మాత్రమే తేల్చుకోండి.

ఇంట్లో ఒకే పెద్ద కాన్వాసు కాకుండా 30×40 సెంటీమీటర్ల ప్యానెళ్లు నాలుగు కలిపి నడపండి. బయల్దేరే వారం నాలుగింటికీ నూనె తక్కువగా ఉండే పల్చని తొలిపొర వేసేయండి. మీరు లేని మూడు వారాల్లో అది ఆరుతుంది. రాగానే దాని మీద నూనె ఎక్కువున్న పొర వేయొచ్చు.