బాల్జాక్ నవలలు ఏ వరుసలో చదవాలి?

ఫ్రెంచి నవలాకారుడు బాల్జాక్ రాసిన ‘ఓల్డ్ గోరియో’ ఇంగ్లీషులో ఇప్పుడే పూర్తిచేశాను. మొదట్లో ఆ లాడ్జింగు వర్ణన మరీ సాగదీత అనిపించింది గానీ, అద్దెకున్నవాళ్ళ మరకల నాప్‌కిన్లు నెంబర్లేసిన గూళ్ళలో పెట్టడం దగ్గర పుస్తకం నన్ను పట్టేసింది. రాత్రిపూట గోరియో తన వెండి సామాను నలిపి ముద్దచేస్తుంటే అక్కడే అద్దెకుండే రాస్తిన్యాక్ తాళం కన్నంలోంచి చూడటమైతే ఇక చెప్పక్కర్లేదు.

చిక్కేమిటంటే, ఈ నవల కూడా భాగమైన ఆయన రచనల మాలిక ‘హ్యూమన్ కామెడీ’లో తొంభై దాకా రచనలున్నాయి, పాత్రలేమో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వస్తుంటాయి. 1835 నాటి ఈ నవల్లో కుర్ర విద్యార్థి అయిన రాస్తిన్యాక్, 1831లోనే వచ్చిన ‘ది వైల్డ్ యాసెస్ స్కిన్’లో పారిస్ లోతులు తెలిసిన ఘటికుడట! మరి అచ్చయిన వరుసలో చదవాలా, కథాకాలం వరుసలోనా? నాకు ‘ఓల్డ్ గోరియో’లో అద్దెకుండే ఇంకో పాత్ర వోత్రాన్ మీదే గురి. అతని కోసం నేరుగా ‘లాస్ట్ ఇల్యూజన్స్’కి వెళ్ళిపోవచ్చా? చదివినవాళ్ళు చెప్పండి, కథ మాత్రం బయటపెట్టకండి ప్లీజ్.