‘నక్షత్రం’ టారో కార్డుని కోనసీమ బొమ్మగా వేయడం ఎలా?

లంకబొమ్మలు: జోస్యం చెప్పే బొమ్మ కార్డులు టారో; వాటిలో రైడర్-వెయిట్ అనే కట్టలో 17వ కార్డు ‘నక్షత్రం’. గోదారి నేపథ్యంలో, అక్రిలిక్‌తో వేయాలండి. కాన్వాస్ ఎంత తీసుకోవాలి? ఏవి మార్చొచ్చు?

గౌతమిగట్టు: కార్డు మామూలుగా 70×120 మిల్లీమీటర్లు. 21×36 అంగుళాల కాన్వాస్ అయితే నిష్పత్తి సరిగ్గా కుదురుతుంది. 1909లో పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మలో ఒక స్త్రీ మడుగు ఒడ్డున రెండు కూజాలతో నీళ్లు పోస్తుంటుంది; ఆమె ఒక మోకాలు నేల మీద, రెండో పాదం నీటి మీద ఉంటాయి. అది మాత్రం కదపకండి. ఎనిమిది కోణాల పెద్ద చుక్క ఒకటి, చిన్నవి ఏడు. ఆ ఏడూ మన సప్తగోదావరే, కావాలని పెట్టినట్టు! కూజాల బదులు రెండు ఇత్తడి బిందెలు పెట్టండి: ధవళేశ్వరం దిగువన చీలే గౌతమి, వసిష్ఠ. నేల మీద పోసిన నీళ్లు ఐదు పాయలై, అందులో ఒకటి మళ్లీ మడుగులో కలవాలి.

పులసపులుసు: చెట్టు మీది పిట్టని కొంగని చేసేయకండి, అది ఐబిస్. ముక్కు కిందికి వంగాలి.

రంగులడబ్బా: ఆకాశం నీలం మీద చుక్కకి నేరుగా పసుపు వేస్తే ఆకుపచ్చకి తిరుగుతుందండి. పసుపు పల్చన, కింది రంగుని ఆపలేదు. ముందు టైటానియం వైట్ రెండు పూతలు, ఆరాక పసుపు. ముసురు పట్టినప్పుడు వార్నిష్ జోలికెళ్లొద్దు, తేమకి పాలలా తెల్లబారుతుంది.

లంకబొమ్మలు: బిందెలు ఖాయమండి.