వృషణ సంచి, పురుషాంగం చర్మం పోయినప్పుడు తొడ చర్మం అతికించడం గురించి

అడిగినవారు:
మా అన్నయ్యకు 46 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. నెల క్రితం ఫోర్నియర్స్ గ్యాంగ్రీన్ (జననాంగాల చుట్టూ చర్మం, దాని కింది కణజాలం వేగంగా కుళ్లిపోయే ఇన్ఫెక్షన్) సోకడంతో మూడుసార్లు ఆపరేషన్ చేసి కుళ్లిన భాగాన్ని తొలగించారు. ప్రాణాపాయం తప్పింది గానీ, వృషణ సంచి చర్మం మొత్తం, పురుషాంగం మీది చర్మం చాలావరకు పోయాయి. ఇప్పుడు తొడ చర్మం తీసి అతికిస్తామంటున్నారు. ఇన్నాళ్లు ఎందుకు ఆగారు? అతికించిన చర్మం నిలుస్తుందా? దాంపత్య జీవితం మాటేమిటి? ఈ చివరి ప్రశ్నను అన్నయ్య వైద్యులను అడగలేకపోతున్నాడు.

ప్లాస్టిక్ సర్జరీ వైద్యుడు:
ఆగడమే మంచిదైంది. తొడ నుంచి తీసే చర్మం పొర అర మిల్లీమీటరు కూడా ఉండదు, దానికి సొంత రక్తప్రసారం ఉండదు. మొదటి రెండు రోజులు పుండులో ఊరే ద్రవమే దానికి ఆహారం. నాలుగైదు రోజులకు గానీ కింది నుంచి రక్తనాళాలు అందులోకి సరిగా పాకవు. అందుకే పుండు శుభ్రపడి, ఎర్రగా కండ చిగురించి, షుగర్ అదుపులోకి వచ్చేదాకా చర్మం అతికించరు. చీము మీద అతికిస్తే ఊడివస్తుంది.

వృషణాలకు రక్తం వేరే దారిలో అందుతుంది కాబట్టి, సంచి చర్మం పోయినా అవి సాధారణంగా బతికే ఉంటాయి. ముందుగా వాటిని రెంటినీ నడుమ కలిపి కుట్టి, సన్నని గాట్లు పెట్టి వలలా చేసిన చర్మాన్ని పైన పరుస్తారు. కిందచేరే రక్తం, నీరు ఆ గాట్లలోంచి బయటికి పోతాయి. మానాక ఆ వల గుర్తులు సహజమైన ముడతల్లాగే కనిపిస్తాయి. పురుషాంగానికి మాత్రం వీలైనంతవరకు గాట్లు లేని చర్మాన్నే వాడతారు, ఎందుకంటే వల చర్మం మానేటప్పుడు ఎక్కువగా ముడుచుకుంటుంది. శిశ్నాగ్రం (పురుషాంగం కొన) దగ్గర కొంత మంచి చర్మం మిగిలినా దాన్ని తరచుగా తీసేస్తారు. విన్నవారు ఆశ్చర్యపోతారు గానీ, లింఫు (కణజాలంలోంచి వెనక్కి మళ్లే నీరు) పోయే దారి తెగినందువల్ల, వదిలేస్తే ఆ ముక్క తర్వాత బాగా వాచిపోతుంది.

ఈ ఆపరేషన్ చేయించుకున్న ఒకరు:
అతికించిన చోటికన్నా తొడే నన్ను ఎక్కువ బాధపెట్టింది. రోడ్డు మీద పడి చర్మం గీసుకుపోయినట్టు మండేది. అది మానడానికి రెండున్నర వారాలు పట్టింది. ఐదు రోజులు మూత్రపు గొట్టంతో కదలకుండా పడుకున్నాను. ఐదో రోజు కట్టు విప్పినప్పుడు చర్మం ఊదారంగులో కనబడి గుండె జారింది, తర్వాత మెల్లగా గులాబీ రంగుకు తిరిగింది. బొటనవేలి గోరంత మేర అతుక్కోలేదు. అదీ డ్రెస్సింగులతోనే మానింది.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ చివరి ప్రశ్నకు కూడా దయచేసి జవాబివ్వండి.

ప్లాస్టిక్ సర్జరీ వైద్యుడు:
క్షమించండి, అది దాటవేశాను. అంగస్తంభనకు కారణమైన కణజాలం, నరాలు చర్మానికి లోపల, గట్టి పొర కింద ఉంటాయి. ఈ వ్యాధి చాలామందిలో ఆ పొరను దాటదు. కాబట్టి చర్మం మారినంత మాత్రాన సామర్థ్యం పోదు. శిశ్నాగ్రం స్పర్శ సాధారణంగా నిలుస్తుంది, అతికించిన చర్మంలో మాత్రం స్పర్శ మందంగా ఉంటుంది. అయితే షుగర్ వల్లనే కొందరికి స్తంభన తగ్గుతుంది, దాన్ని విడిగా పరీక్షించాలి. ఆపరేషన్ తర్వాత కలయికకు మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటాం. అడగడానికి మొహమాటమైతే ప్రశ్నను చీటీ మీద రాసి, రౌండ్లకు వచ్చిన సర్జన్ చేతికివ్వమనండి. మాకు అలాంటి చీటీలు అలవాటే.